రేపల్లె మిత్రునికి, వీల్‌చెయిర్ విషయమై

గుంటూరు, బ్రాడీపేట

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ వీధిలోని కల్లుగీత కార్మికుడు తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగి మంచాన పడ్డాడనీ, పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపి నెలలు గడిచినా ఇంకా పడుకునే ఉన్నాడనీ రాశావు. నేను లెక్కలు చూస్తున్న సంస్థకు ఇంగ్లండు నుంచి వచ్చే వీల్‌చెయిర్లలో ఒకటి అతనికి ఇప్పించమన్నావు. పనిలో పనిగా, అసలు ఆ దొరలు ఎవరు, మన వికలాంగుల మీద వాళ్లకెందుకంత ఆపేక్ష, దీని వెనుక మతమేమైనా ఉందా అని కూడా నిలదీశావు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ప్రతి సంతకాన్నీ అనుమానంగా చూసినవాణ్ణి కనుక నీ ప్రశ్న నాకు తప్పుగా తోచలేదు. చేరేముందు నేనూ అదే అడిగాను. అయితే ముందు మనుషుల సంగతి చెప్పి ఆ తరువాత కుర్చీ దగ్గరకు వస్తాను. లేకపోతే కుర్చీ గురించి నేను చెప్పబోయేది నీకు మొండితనంగా కనిపిస్తుంది.

వాళ్లు దొరలు కారు. అక్కడి చట్టం ప్రకారం ఇలాంటి సంస్థల ట్రస్టీలు సాధారణంగా జీతం తీసుకోకుండానే పనిచేయాలి. అందుచేత మా ట్రస్టీలలో ఉద్యోగం విరమించిన ఫిజియోథెరపిస్టు ఉన్నారు, బడిలో లెక్కలు చెప్పే ఆవిడ ఉన్నారు, అధ్యక్షుడేమో పాతికేళ్లుగా వీల్‌చెయిర్లోనే తిరిగే మనిషి. ఎవరి పనులు వాళ్లు ముగించుకుని సాయంత్రం ఆరింటికి సమావేశమైతే చలికాలంలో ఇక్కడ రాత్రి పదకొండున్నర అవుతుంది. ఆ వేళకు కంప్యూటరు ముందు కూర్చుని ఆవలింతలు ఆపుకోవడమే నా ఉద్యోగంలో కష్టమైన భాగం. డబ్బు చిన్న చిన్న విరాళాలుగా వస్తుంది. పన్ను కట్టే మనిషి ఒక పౌండు ఇచ్చి ఒక పత్రం నింపితే వాళ్ల ప్రభుత్వం దానికి ఇరవై అయిదు పెన్నీలు కలుపుతుంది. మతం సంగతంటావా, ఇటువంటి సంస్థలలో కొన్ని మిషనరీల చేతుల్లో పుట్టినవే. జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ క్రిస్టోఫెల్ అనే పాదిరి 1908లో టర్కీలోని మలాట్యాలో అంధుల కోసం మొదలుపెట్టిన పని నేడు సీబీఎం అనే పెద్ద సంస్థగా నడుస్తోంది. మా వాళ్లలో చర్చికి వెళ్లేవారూ ఉన్నారు, వెళ్లనివారూ ఉన్నారు. ఇక్కడి మా రిజిస్టరులో మాత్రం మతం గడి లేదు, నేనే చూశాను.

ఈ రంగాన్ని తీర్చిదిద్దిన వారిని గురించి చదువుతూ పోయేకొద్దీ నాకు ఆశ్చర్యం కలిగించినదేమిటంటే, వారిలో పలువురు తమ శరీరం మీదకు వచ్చిన కష్టం నుంచి ఈ పనిలోకి దిగినవారే. రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికన్‌కు 1966లో మోటారుసైకిలు ప్రమాదంలో కాళ్లు పడిపోయాయి. 1980లో నికరాగ్వా వెళ్లిన ఆయన, నలుగురు కుర్రవాళ్లు ఒకే వీల్‌చెయిర్‌ను వంతులవారీగా వాడుకుంటూ, విరిగినప్పుడల్లా తామే బాగుచేసుకుంటూ, ఆ బాగుచేయడంలోనే దాన్ని అసలుకన్నా మెరుగ్గా మార్చుకోవడం చూసి, వాళ్లకు నేర్పడానికి బదులు వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. స్థానికంగా దొరికే ఇనుప గొట్టాలతో, సైకిలు చక్రాలతో ఊళ్లోని వర్క్‌షాపుల్లోనే చేసుకోగల నమూనాలు అలా తయారయ్యాయి. ఇంగ్లండులో డేవిడ్ కాన్‌స్టంటైన్ ఆస్ట్రేలియాలో నీళ్లలోకి దూకి మెడ విరగ్గొట్టుకుని, తరువాత లండన్‌లో డిజైను చదువుతూ, తోటి విద్యార్థి సైమన్ గ్యూతో కలిసి పేద దేశాలకు పనికివచ్చే వీల్‌చెయిర్ గీశాడు. వాళ్లు దాన్ని కాగితం మీద వదిలేయకుండా బంగ్లాదేశ్ వెళ్లి అక్కడే తయారుచేయించి, 1991లో మోటివేషన్ అనే సంస్థను నెలకొల్పారు. వాళ్లు వెళ్లిన చోటు వలెరీ టేలర్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్టు 1979లో ఢాకా ఆసుపత్రి ఆవరణలోని పాత సిమెంటు గోదాముల్లో నలుగురు రోగులతో ప్రారంభించిన పునరావాస కేంద్రం. అక్కడికి వచ్చేవారిలో చెట్ల మీద నుంచి పడినవాళ్లు, నెత్తిన బరువులు మోస్తూ జారిపడినవాళ్లు ఎక్కువ. మీ వీధి మనిషికి వాళ్లు చుట్టాలే అనుకో.

ఇక కుర్చీ. ఆసుపత్రి వరండాల్లో కనిపించే, పండుగనాడు దాతలు వరుసగా నిలబెట్టి ఫొటోలు దిగే ఆ మడత కుర్చీ, నున్నటి గచ్చు మీద రోగిని ఈ గది నుంచి ఆ గదికి తోసుకుపోవడానికి తయారైనది. దాని ముందు చక్రాలు మీ నల్లరేగడి బురదలో అడుగు కదలవు. అంతకన్నా పెద్ద చిక్కు అందులో కూర్చునే మనిషిది. నడుము కింద స్పర్శ లేనివాడికి ఒకేచోట ఒత్తిడి పడుతున్నా తెలియదు. చర్మం కమిలి, నల్లబడి, ఎముక దాకా పుండవుతుంది, చాలాసార్లు ప్రాణం తీసేది ఆ పుండే. చెప్పులజతైనా కాలికి తొడిగి చూడకుండా కొనము కదా, జన్మంతా కూర్చోవలసిన కుర్చీని కొలత లేకుండా ఇవ్వడం దానమని నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఇందుకు మార్గదర్శకాలు వెలువరించింది.

మా దగ్గర కొలతలు తీసే కుర్రవాడు తానూ వీల్‌చెయిర్లోనే ఉంటాడు. వచ్చినవాడి తుంటి వెడల్పు, వెనుక నుంచి మోకాలి మడత దాకా పొడవు, అక్కడి నుంచి మడమ దాకా ఎత్తు టేపుతో తీసుకుంటాడు. దిండు అమర్చి కూర్చోబెట్టాక, అరచేయి పైకి ఉండేలా తన చేతిని దిండుకూ పిరుదు కింది ఎముకకూ మధ్యకు పోనిచ్చి, వేళ్ల కొసలు కాస్త ఆడుతున్నాయో లేదో చూస్తాడు. వేళ్లు నొక్కుకుపోతే ఆ దిండు పనికిరాదు, మళ్లీ కోసి, మళ్లీ అమరుస్తాడు. ఇదంతా చేస్తూ కబుర్లు చెబుతూనే, మూత్రపు గొట్టం ఎలా శుభ్రం చేసుకోవాలో, చేతుల మీద బలం వేసి ఎంతసేపటికోసారి పైకి లేవాలో చెప్పేస్తాడు. అదే మాట డాక్టరు చెబితే తల ఊపి మరచిపోయేవాళ్లు ఇతను చెబితే తిరిగి ప్రశ్నలు వేస్తారు.

డబ్బు మాట రెండు వాక్యాల్లో ముగిస్తాను. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత అలాంటి విరాళం ఏదైనా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, డిసెంబరు ఆఖరులోగా ఆ డబ్బుకు ఏడాది లెక్క చూపే ఎఫ్‌సి-4 రిటర్ను దాఖలు చేయాలి. ఇంత కట్టుదిట్టం చిన్న సంస్థకు భారమే, ఎందుకంటే ఆసుపత్రి డాక్టరు జీతం, బడి పంతులు జీతం ఆ 20 శాతంలోకి రావు కాని, ఈ కాగితాలన్నీ నింపే నా బోటి గుమాస్తా జీతం వస్తుంది!

కాబట్టి ఇప్పుడు నేను కుర్చీ పంపను, నువ్వూ అతన్ని ఇంత దూరం తీసుకురావద్దు. నెలల తరబడి పడుకున్న మనిషికి ఆటోలో కుదుపులు మంచివి కావు. మా కుర్రవాడు, ఫిజియోథెరపిస్టు వచ్చేవారం మీ ఊరే వస్తారు. ఈలోగా రెండు గంటలకొకసారి అతన్ని పక్కకు తిప్పమని అతని భార్యకు చెప్పు, నడుము చివర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో టార్చి వేసి రోజూ చూడమను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేకపోతే సచివాలయంలో స్లాటు అడుగు. వికలాంగ పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికో వీల్‌చెయిర్‌కో పూర్తిగా పరిమితమైనవారికి 15,000. ఇంటి గుమ్మం, స్నానాల గది తలుపు ఎంత వెడల్పో కొలిచి సెంటీమీటర్లలో రాయి. లేచి కూర్చున్నాక మొట్టమొదట ఎక్కడికి వెళ్లాలనుందో కూడా అడిగి రాయి, కాని అతన్నే అడుగు, అతని భార్యను కాదు. అతను చెప్పే దారిని బట్టి నాలుగు చక్రాలదా, ముందు పెద్ద చక్రం ఒక్కటే ఉండే మూడు చక్రాలదా అన్నది మావాళ్లు తేలుస్తారు.

నీ మిత్రుడు