జేబు ప్లేయర్ మంచిదే, చిక్కంతా కార్డుతోనే

సంపాదకులకు నమస్కారం.

ఫోనులో కావలసినన్ని పాటలుండగా మళ్లీ విడిగా ఎంపీ3 ప్లేయర్ ఎందుకని చాలామంది అడుగుతున్నారు. 2017లో ఆపిల్ కంపెనీ ప్లేయర్లు ఐపాడ్ నానో, షఫుల్, 2022 మేలో ఐపాడ్ టచ్ ఆగిపోయాక ఇక ఆ వస్తువే లేదనుకునేవారూ ఉన్నారు. అగ్గిపెట్టెంత సైజులో, ఐదారు బటన్లతో, మెమొరీ కార్డు పెట్టుకునే ప్లేయర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొన్న కొద్దిరోజులకే ‘పాడైపోయింది’ అంటూ వాటిని నా దగ్గరికి రిపేరుకు తెస్తుంటారు. తీరా చూస్తే ప్లేయర్ బాగానే ఉంటుంది, పాటలు ఎక్కించిన తీరులోనే తేడా ఉంటుంది.

దీని సుగుణం నిజానికి ఒక్కటే. ఇది పాటలు పాడటం తప్ప మరో పని చేయదు. మధ్యలో ఫోన్ రాదు, నెట్ అక్కర్లేదు. జేబులోంచి తీయకుండానే వేలితో తడిమి పాట మార్చుకోవచ్చు. చూపు ఆనని పెద్దవాళ్లకు టచ్ స్క్రీన్ కన్నా ఇదే నయం. స్థలానికీ కొదవ లేదు. 128 కేబీపీఎస్ (సెకను పాటకు ఎంత డేటా పడుతుందో చెప్పే కొలత) పాట నిమిషానికి సుమారు 1 ఎంబీ తింటుంది. అయిదు నిమిషాల పాటలైతే 32 జీబీ కార్డులో ఆరు వేలకు పైగా పడతాయి. 320 కేబీపీఎస్‌లో రెండున్నర వేల దాకా వస్తాయి. చవక ఇయర్‌ఫోన్లతో వినేవారికి ఈ రెండింటికీ తేడా తెలియడం కష్టం.

ఇక కార్డు సంగతి. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు వేర్వేరుగా ఉంటాయి. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. చవక ప్లేయర్లు చాలావరకు పాత ఫ్యాట్32 పద్ధతిని మాత్రమే చదువుతాయి కాబట్టి ‘నో కార్డ్’ అని చూపిస్తాయి. 32 జీబీ కార్డు కొంటే ఈ గొడవే ఉండదు. తక్కువ ధరకు 512 జీబీ అని అమ్మేవి ముట్టుకోకండి. వాటిలో ఉండేది అందులో చిన్న భాగమే. అది నిండాక ఎక్కించిన పాటలు పేరుకే కనిపిస్తాయి, మోగవు.

వరుస తప్పడం ఇంకో ఫిర్యాదు. చాలా ప్లేయర్లు పాటల్ని పేర్ల వరుసలో పాడవు, కార్డులోకి కాపీ అయిన వరుసలో పాడతాయి. సహస్రనామం తర్వాత రావలసిన హారతి ముందే వచ్చేది ఇందుకే. ఒక పాట చెరిపి కొత్తది వేస్తే అది ఆ ఖాళీలో కూర్చుని మధ్యలో మోగుతుంది. కాబట్టి పాటలన్నీ ముందు కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, పేర్లకు ముందు 001, 002 అని అంకెలు వేయాలి. ఉత్త 1, 2 వేస్తే కొన్నిటిలో 1 తర్వాత 10 వస్తుంది. కార్డు ఫార్మాట్ చేసి, అన్నిటినీ సెలెక్ట్ చేసి, మొదటి పాటను పట్టుకుని లాగి వేయాలి. మధ్యలోని పాటను పట్టుకుని లాగితే కాపీ అక్కడి నుంచే మొదలవుతుంది. అయ్యాక ‘ఇజెక్ట్’ కొట్టకుండా కేబుల్ పీకితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే కార్డు పట్టిక చెడి, ఫోల్డర్లు మాయం కావచ్చు.

మన లిపిది వేరే కథ. తెలుగు ఫాంట్ లేని ప్లేయర్‌లో పేర్ల చోట గళ్లు కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నవాటిలోనూ కొన్ని వత్తులు కలపలేవు. ‘కృష్ణా’లో ష ఒకచోట, ణ ఒకచోట పడుంటాయి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడమే దారి. ఫైలు పేరే కాదు, పాట లోపలి ట్యాగ్ (ఫైలులోనే రాసి ఉండే పాట పేరు, గాయకుల వివరాలు) కూడా మార్చాలి. కొన్ని ప్లేయర్లు ట్యాగ్‌నే చూపిస్తాయి.

కచేరీలు వినేవారికి మరో లోటు. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్లుగా ఉంటే మధ్యలో క్షణం మౌనం పడి ధార తెగుతుంది. మొత్తం ఒకే ఫైలుగా పెట్టుకుంటే తెగదు. అయితే ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టే ‘రెజ్యూమ్’ ఉండాలి, లేకుంటే రెండు గంటల కచేరీని రోజూ మొదటి నుంచీ వినాల్సిందే.

బ్యాటరీ అసలు బలహీనత. అది లోపల టంకం వేసి, అంటించి ఉంటుంది. దానిమీది ఆరంకెలే కొలతలు. 402030 అంటే మందం 4, వెడల్పు 20, పొడవు 30 మిల్లీమీటర్లు. ఆ కొలతలో, రక్షణ సర్క్యూట్ ఉన్న 3.7 వోల్టులదే వేయించాలి. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు. పెద్ద కంపెనీలకూ ఈ బెడద తప్పలేదు. మొదటి తరం ఐపాడ్ నానో బ్యాటరీ వేడెక్కుతోందని ఆపిల్ 2011లో ప్లేయర్లనే మార్చి ఇచ్చింది. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో దాచాలి, పూర్తిగా దిగిపోనివ్వకూడదు.

ఒక చెవికే వినిపిస్తుంటే ముందు ఇయర్‌ఫోన్ మార్చి చూడండి. అప్పటికీ అంతే అయితే జాక్‌లో చేరిన దూదిని చెక్క పుల్లతో తీయండి. ఆ తర్వాతే జాక్‌కు మళ్లీ టంకం వేయించే మాట. ఎఫ్ఎం పట్టనివారు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా అని గుర్తుంచుకోవాలి, బ్లూటూత్‌తో వింటున్నా తీగ గుచ్చి ఉంచాలి. బస్సు రొదలో వాల్యూమ్ పెంచేబదులు చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మూతలున్న ఇయర్‌ఫోన్లు వాడండి. పెద్దలకు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ దాకానే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు 75.

కొనేటప్పుడు మీ కార్డు, మీ ఛార్జర్ కేబుల్ వెంట తీసుకెళ్లండి. టైప్-సి రంధ్రం ఉన్నా, లోపల పైసల్లో దొరికే రెండు రెసిస్టర్లు (కరెంటు ఇమ్మని ఛార్జర్‌కు తెలిపే చిన్న భాగాలు) వేయని ప్లేయర్లు రెండువైపులా సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. పాత యూఎస్‌బీ మొన ఉన్న కేబుల్ పెడితే అదే ప్లేయర్ చక్కగా ఛార్జ్ అవుతుంది.

— ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్, విజయవాడ