లెక్కపెట్టాల్సింది డెలిగేట్లను

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తలకు మన పత్రికల్లో, చానెళ్లలో లోటు లేదు. మన పిల్లలు, బంధువులు అక్కడ ఉన్నారు కనుక చదివేవాళ్లూ ఎక్కువే. అయినా పార్టీ అభ్యర్థి ఎలా తేలతారన్న దగ్గర ప్రతిసారీ అదే పొరపాటు జరుగుతోంది. 2024 మార్చి 12న బైడెన్, ట్రంప్ ఇద్దరూ డెలిగేట్ల (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల) లెక్కలో సగం గీత దాటారు. వెంటనే ‘అభ్యర్థిత్వాలు ఖరారు’ అన్నారు. ట్రంప్ నిజంగా అభ్యర్థి అయింది జూలై 15న, మిల్వాకీ మహాసభలో రాష్ట్రాల వారీగా ఓట్లు లెక్కించాక. బైడెన్ ఆ ఏడాది అభ్యర్థి కానే లేదు.

డెలిగేట్లనూ ఎలక్టర్లనూ కలిపేయడం రెండో పొరపాటు. 538 మంది ఎలక్టర్లు నవంబరు పోలింగ్ తర్వాత, డిసెంబరులో అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. డెలిగేట్లు పార్టీ మనుషులు. మహాసభ ముగిస్తే వాళ్ల పని అయిపోయినట్టే. 2024లో రిపబ్లికన్ డెలిగేట్లు 2,429 మంది, గెలవడానికి కావలసింది 1,215. ప్రతి రాష్ట్రానికీ 10, ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గానికీ 3, జాతీయ కమిటీలోని ఆ రాష్ట్ర సభ్యులు ముగ్గురు, పార్టీకి బలమున్న చోట్ల అదనపు సీట్లు, ఇదీ వాళ్ల పంపకం. డెమొక్రాట్లకు ప్రైమరీల (అభ్యర్థి కోసం రాష్ట్రాల్లో జరిగే ఓటింగ్) మీద ఆధారపడి వచ్చేవాళ్లే 3,900 పైచిలుకు. వీళ్లు కాక కాంగ్రెస్ సభ్యులు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు పదవి హోదాలో వస్తారు. వీళ్లనే సూపర్ డెలిగేట్లంటారు. 2018లో మార్చిన నిబంధన ప్రకారం, ఫలితం ముందే తేలిపోతే తప్ప, మొదటి విడత ఓటింగ్‌లో వాళ్లకు ఓటు లేదు.

ఓట్లు డెలిగేట్లుగా మారే చోటే అసలు కిటుకు ఉంది. డెమొక్రాట్లలో ఒక నియోజకవర్గంలో 15 శాతం దాటనివాళ్లకు అక్కడ ఒక్క డెలిగేటూ రాదు. ఆరుగురు డెలిగేట్లున్న చోట నలుగురికి 52, 30, 14, 4 శాతం వచ్చాయనుకుందాం. చివరి ఇద్దరూ లెక్కలోంచి పోతారు. మిగిలిన 82లో 52కు నలుగురు, 30కి ఇద్దరు. అంటే సగానికి కాస్త ఎక్కువ ఓట్లతో మూడింట రెండు వంతుల డెలిగేట్లు. దీనికి తలకిందుల ఉదాహరణ కూడా చూడండి. నలుగురు డెలిగేట్లే ఉన్న చోట ఇద్దరి మధ్య పోటీలో 60, 40 శాతం వస్తే చెరి ఇద్దరే. ముగ్గురు దక్కాలంటే 62.5 శాతం దాటాలి. 60 శాతంతో గెలిచినవారికి ఒక్క డెలిగేట్ ఆధిక్యం కూడా రాదు! 2008లో టెక్సస్ ప్రైమరీలో ఓట్లు ఎక్కువ వచ్చింది హిల్లరీ క్లింటన్‌కు, కాకస్‌లు (పార్టీవాళ్లు స్థానికంగా సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే సభలు) కలిపి చూస్తే డెలిగేట్లు ఎక్కువ దక్కింది ఒబామాకు. ‘టెక్సస్ హిల్లరీదే’ అన్న శీర్షిక పాఠకుడికి సగమే చెప్పింది. రిపబ్లికన్ల నిబంధనలు వేరు. మార్చి 15 నుంచి జరిగే ప్రైమరీల్లో మొదటి స్థానం వచ్చినవారికే మొత్తం డెలిగేట్లను ఇచ్చేసే వీలు రాష్ట్రాలకుంది.

డెలిగేట్ మాట తప్పితే? రిపబ్లికన్లలో సాగదు. 2016లో క్లీవ్‌లాండ్ మహాసభలో అలాస్కా బృందం క్రూజ్‌కు 12, ట్రంప్‌కు 11, రూబియోకు 5 అని ప్రకటించింది. పోటీ నుంచి తప్పుకున్నవారి వాటా మిగిలినవారికే చెందుతుందన్న నిబంధన చూపి, కార్యదర్శి 28 ఓట్లూ ట్రంప్‌కే రాశారు. డెమొక్రాట్ల నిబంధన మెత్తనిది. తమను ఎన్నుకున్నవారి మనోభావాన్ని మనస్సాక్షితో ప్రతిబింబించాలని మాత్రమే అంటుంది.

2024 జూలై 21న బైడెన్ తప్పుకోగానే ‘హారిస్‌కు అభ్యర్థిత్వం అప్పగించారు’ అన్న మాట చాలా చోట్ల వినిపించింది. అప్పగించడానికి అది ఆయన సొత్తు కాదు. ఆయన చేయగలిగింది మద్దతు ప్రకటించడం వరకే. ఆయనకు కట్టుబడి ఉన్న డెలిగేట్లకు ఆ కట్టు తెగింది, అంతే. పోటీలోకి రావాలంటే 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలి, ఒక రాష్ట్రం నుంచి 50కి మించకూడదు. అన్ని సంతకాలు తెచ్చింది హారిస్ ఒక్కరే. ఆగస్టు 1 నుంచి 5 వరకు డెలిగేట్లు ఆన్‌లైన్‌లో ఓటేశారు. ఆ నెల 20న షికాగో మహాసభలో ఒక్కో రాష్ట్రాన్నీ పిలిచి ఓట్లు చెప్పించిన పాటల కార్యక్రమం వేడుక మాత్రమే.

ముందే ఆన్‌లైన్ ఓటింగ్ అనుకోవడం వెనక ఒహాయో గడువుంది. మన దగ్గర బీ-ఫారం లాంటిదే అక్కడా ఉంది. మహాసభ ఎవరిని ఎన్నుకుందో ధ్రువీకరిస్తూ పార్టీ ప్రతి రాష్ట్రానికీ పత్రం పంపితేనే బ్యాలెట్ మీద పేరు ఎక్కుతుంది. ఒహాయోలో ఆ గడువు ఆగస్టు 7, మహాసభ మొదలయ్యేది 19న. ఆ రాష్ట్రం తర్వాత ఆ ఏడాదికి గడువు పొడిగించినా, కోర్టు చిక్కుల భయంతో పార్టీ వెనక్కి తగ్గలేదు.

మిల్వాకీ వేదిక మీద ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య, మన వడ్లూరు మూలాలున్న ఉషా వాన్స్ మాట్లాడితే మన పేజీలు నిండిపోయాయి. సంతోషమే. కానీ ఆ హాల్లో కూర్చుని ఓటేసిన డెలిగేట్లు ఎలా ఎన్నికయ్యారో రాసింది చాలా తక్కువ. పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు పనికొచ్చేది అదే. టెక్సస్‌నే తీసుకోండి. అక్కడ ఓటరు నమోదులో పార్టీ పేరుండదు. ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసినా, లేదా ఆ పార్టీకి చెందినవారమని ప్రమాణం చేసినా దాని సభలకు వెళ్లవచ్చు. ముందు స్థానిక సభ, ఆపైన రాష్ట్ర మహాసభ. జాతీయ డెలిగేట్లను ఎంచుకునేది అక్కడే. పేరు ఇవ్వడానికి గడువుంటుంది, అది దాటితే ఎంత పరపతి ఉన్నా లాభం లేదు. డెమొక్రాట్లలో అభ్యర్థి ప్రచార బృందానికి జాబితాలోంచి పేర్లు కొట్టేసే హక్కుంది. ఎన్నికయ్యాక ప్రయాణం, హోటల్ ఖర్చు మామూలుగా సొంతానిదే. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు ప్రైమరీలో ఓటు లేదు.

2028 ప్రైమరీలు మొదలైనప్పుడు, ప్రతి వార్త పక్కన మూడు అంకెలు వేయండి: నిన్న వచ్చిన డెలిగేట్లు, ఇప్పటిదాకా మొత్తం, గెలవడానికి కావలసింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు