మామయ్యకు వ్యాను లెక్కలు

క్రైస్ట్‌చర్చ్,
న్యూజిలాండ్

మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

మేమిద్దరం ఇక్కడ కులాసా. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గి మెట్లెక్కుతోందని అమ్మ చెప్పింది, సంతోషం. ఇక్కడ జూన్ వచ్చింది, చలి ముదిరింది. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు కారు అద్దం మీద మంచు గీకుతున్నాను.

ఫోనులో వ్యాను సంగతి ఎత్తగానే మీరు, "మాటలొద్దు, లెక్క కాగితం మీద పెట్టి పంపు" అన్నారు కదా. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మీరు చెప్పే మాటే అది. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే మా ఆయన మధ్యలో దూరి అన్నీ తేలిక చేసి చెబుతారు.

ఆయన ఆలోచన ఇది. పాత టయోటా హయేస్ వ్యాను ఒకటి కొని, లోపల మంచం, చిన్న వంట గట్టు, అల్మారాలు, లైట్లు మేమే అమర్చుకోవాలి. సెలవు దొరికితే టేకపో సరస్సుకో, కైకోరా సముద్రం ఒడ్డుకో వెళ్ళి అందులోనే పడుకోవాలి. ఈ దేశంలో ఇలా కట్టుకునేవాళ్ళు చాలామంది. ఎవరో కట్టి అమ్మకానికి పెట్టిన క్యాంపర్, మేము చూసిన వాటిలో మాకు నచ్చే స్థితిలో ఉన్నది, 35,000 డాలర్లు చెబుతున్నారు. మేమే కట్టుకుంటే 28,000లో అవుతుందని ఆయన లెక్క. డాలరు మన యాభై రూపాయల పైమాట కాబట్టి మూడున్నర లక్షలు మిగులుతాయి. మిగులుతాయా అన్నదే నా ప్రశ్న.

ముందు బండి. ఇక్కడ దొరికే హయేస్‌లలో చాలా భాగం జపాన్‌లో వాడి దింపినవి. స్టీరింగు మనలాగే కుడివైపు. 19,000 డాలర్లకు ఓ మోస్తరుది వస్తుంది. జపాన్‌లో మంచు పడే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ప్రాంతంలో తిరిగిన బండికి అడుగున తుప్పు ఉంటుంది. ఇక్కడ మన ఎఫ్‌సీ లాంటి తనిఖీ ప్రైవేటు బండ్లకూ ఉంది. 2000 తర్వాత రిజిస్టరైన వాటికి ఏడాదికోసారి. బలం మోసే భాగంలో తుప్పు కనబడితే పాస్ చేయరు. లోపల ప్లైవుడ్ అంతా బిగించాక ఆ తుప్పు బయటపడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే బండి కొనే రోజు డబ్బిచ్చి మెకానిక్‌ను తీసుకెళ్ళి కింద పడుకోబెట్టాలన్నది నా పట్టుదల. ఆయనేమో ఫొటోలు చాలంటారు.

డీజిలా పెట్రోలా అన్నది ఇంకో లెక్క. ఇక్కడ పెట్రోలు ధరలోనే రోడ్డు పన్ను కలిసి ఉంటుంది. డీజిలు ధరలో ఉండదు, విడిగా కిలోమీటర్ల లెక్కన ముందే కొనుక్కోవాలి. చిన్న బండికి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. కొన్న చీటీ అద్దానికి అంటించుకుని తిరగాలి. అది తెలియనివాళ్ళు బంకు దగ్గర బోర్డు చూసి డీజిలు చవక అని మురిసిపోతారు.

సీట్ల దగ్గర మా ఇద్దరికీ పెద్ద వాదనే నడిచింది. సరుకుల వ్యానుకు ముందు వరుస ఒక్కటే ఉంటుంది. వెనకాల మంచం మీద కూర్చుని ప్రయాణం చేద్దామంటే కుదరదు, సీటు, బెల్టు ఉండి తీరాలి. తర్వాత సీటు పెట్టించుకోవచ్చు గానీ దానికి వేరే ఇంజినీరు తనిఖీ, ధ్రువపత్రం, ఖర్చు. వచ్చే డిసెంబరులో అమ్మానాన్న వస్తారు. వాళ్ళను ఎక్కించుకోలేని బండి మాకెందుకు? జపాన్ నుంచి వచ్చేవాటిలో రెండో వరుస సీటు ముందుకు మడిచే రకం ఉంది. ఫ్యాక్టరీ సీటు కాబట్టి కాగితాల బాధ లేదు. మంచం మాత్రం ఆ సీటు మీదుగా మడత విప్పేలా చేసుకోవాలి. దీనిమీద మీ సలహా కావాలి, చివర్లో అడుగుతాను.

ఇక లోపలి పని. చెక్క పనే పెద్ద ఖర్చు అనుకున్నాను. కాదు. ప్లైవుడ్, చలి ఆపడానికి రేకుకు వేసే ఇన్సులేషన్, గోడలకు లైనింగ్ గుడ్డ, పెయింటు అన్నీ కలిపి 1,500 డాలర్లలో అయిపోతాయి. బరువే సమస్య. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది నాలుగు షీటు ఒక్కోటి 20 కిలోల దాకా తూగుతుంది. నీళ్ళు లీటరుకు కిలో. బ్యాటరీ, ఫ్రిజ్, పరుపు, మేము. "బరువు కిందికీ ఇరుసు మీదికీ రావాలి, ఒక పక్కకు లాగకూడదు" అని మీరు మేస్త్రీలను కేకలేయడం నాకు గుర్తుంది. ఆయన గీసిన బొమ్మలో నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్, వంట గట్టు మూడూ ఎడమవైపే ఉన్నాయి. మీ పేరు చెప్పి బ్యాటరీనీ నీళ్ళనూ కుడివైపుకు మార్పించాను.

మీకు ఆటోనగర్‌లో ఎప్పుడూ ఎదురుకాని తంటా ఇక్కడ ఒకటుంది మామయ్యా. అక్కడ బండి లోపల వేడితో చస్తాం, ఇక్కడ చెమ్మతో. రాత్రి ఇద్దరు మనుషులు తలుపులు మూసుకుని పడుకుంటే వదిలిన ఊపిరంతా చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది. అద్దాల మీద కనబడేదాన్ని తుడిచేయొచ్చు. ప్లైవుడ్ వెనక, రేకు మీద కారేది కనబడదు. అది లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది, చెక్కకు బూజు తెస్తుంది. అందుకని రేకుకూ ఇన్సులేషన్‌కూ మధ్య గాలి నిలవకుండా అంటించాలి, పైకప్పుకు రంధ్రం చేసి ఫ్యాను పెట్టాలి, ఎంత చలి ఉన్నా కిటికీ సందు తెరిచి పడుకోవాలి. ఫ్యానుకు 500 డాలర్లు. ఆయన దాన్ని తీసేసి ఖర్చు తగ్గిద్దామన్నారు. చెక్కలో ఏదైనా తగ్గించుకోండి, ఫ్యాను జోలికి వెళ్ళొద్దన్నాను.

వెచ్చదనానికి చిన్న డీజిలు హీటరు పెడతారు. దాని మంట మూసిన గదిలో ఉంటుంది, పొగ గొట్టంలోంచి బండి బయటికి పోతుంది, లోపలికి వచ్చేది పొడి వేడిగాలి. 300లో వస్తుంది. గ్యాసు పొయ్యి వెలిగించి లోపల వేడి చేసుకోవడం మాత్రం అన్నివిధాలా చెడ్డ పని. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, అది అటుంచినా కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. పైన చెప్పిన చెమ్మకు అదీ తోడు. హీటరు ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాల్సిందే.

కరెంటు విషయం మీకు నచ్చుతుంది. 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ అంటే 1,280 వాట్-అవర్లు. మనకు అన్నం లేకపోతే గడవదు కదా. చిన్న రైస్ కుక్కర్ ఒక పూట వండితే 300 దాకా తాగేస్తుంది, అంటే బ్యాటరీలో దాదాపు నాలుగో వంతు. ఫ్రిజ్ రాత్రీ పగలూ తాగుతూనే ఉంటుంది. పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టినా, జూన్‌లో ఇక్కడ పగలు తొమ్మిది గంటలే, ఎండ ఏటవాలుగా పడుతుంది. అది ఇచ్చేది చాలదు. బండి నడిచేటప్పుడు ఇంజిను నుంచి నింపుకునే ఏర్పాటు కూడా ఉండాలి. మీ లారీలవి 24 వోల్టులు, ఇది 12. అదే వాట్లకు రెట్టింపు కరెంటు పారుతుంది కాబట్టి వైరు లావుగా ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఇవన్నీ కలిపి 1,800, ఫ్రిజ్ విడిగా 800. క్యాంపు స్థలాల్లో 230 వోల్టుల కరెంటు బయట నుంచి తగిలించుకోవాలంటే బండికి కరెంటు ఫిట్‌నెస్ కాగితం కావాలి, నాలుగేళ్ళకోసారి తీసుకోవాలి. బిగించిన గ్యాసు పొయ్యికి ఇంకో ధ్రువపత్రం, సిలిండరుకు బయటికి గాలి పోయే విడి పెట్టె. ఈ రెండూ మేము వద్దనుకున్నాం. చిన్న డబ్బా పొయ్యి పెట్టుకుని బయట వండుకుంటాం. అందులోనూ బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాక మొరాయిస్తుంది, చలికాలానికి ప్రొపేన్ వాడాలి.

ఇప్పుడు అమ్మ ముఖం చిట్లించే సంగతి. ఊళ్ళ పొలిమేరల్లో, సరస్సుల ఒడ్డున మునిసిపాలిటీ వాళ్ళ స్థలంలో రాత్రి ఊరికే బండి ఆపి పడుకోవాలంటే, చాలా చోట్ల బండికి ఆకుపచ్చ కార్డు ఉండాలి. మూడు రోజులు బయటి సాయం లేకుండా బతకగలం అని దాని అర్థం. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీళ్ళు, వాడిన నీటికీ అంతే పట్టే ట్యాంకు, సింకు, మూత ఉన్న చెత్తబుట్ట. ఇవన్నీ సులువే. 2023లో వచ్చిన చట్టం ప్రకారం టాయిలెట్ కూడా బండిలో స్థిరంగా బిగించి ఉండాలి, మంచం పరిచి ఉన్నప్పుడు కూడా వాడుకోగలిగేలా ఉండాలి. అంతకుముందు బల్ల కింద తోసేసే పెట్టె టాయిలెట్ చూపించినా సరిపోయేది. హయేస్ లోపల వెడల్పు ఎంతో మీకు తెలుసు. మంచం, వంట గట్టు, దాని పక్కనే టాయిలెట్! అమ్మతో చెబితే, "అన్నం వండే చోటా?" అని ఫోను నాన్నకు ఇచ్చేసింది. నీళ్ళ సామాను, టాయిలెట్ కలిపి 1,000, తనిఖీలకు 400. డబ్బు కంటే అది తినే స్థలమే నాకు ఖరీదుగా కనబడుతోంది.

పరుపు 500, డ్రిల్లు, జిగ్‌సా వగైరా పనిముట్లు 500. మొత్తం 7,300. లెక్కలో రానివి ఎప్పుడూ ఉంటాయి కనుక ఇరవై శాతం వేసి 9,000 అనుకున్నాం. బండితో 28,000. ఆయన లెక్క ఇక్కడి వరకు సరైనదే.

ఆయన కాగితంలో లేనిది కూలీ. సొంతంగా కట్టుకున్నవాళ్ళను అడిగితే 200 గంటలకు తక్కువ పట్టదంటున్నారు. అద్దె ఇల్లు, షెడ్డు లేదు, వాకిట్లోనే పని. వాయవ్యం గాలి లేచిందంటే ప్లైవుడ్ షీటు పట్టుకుని నిలబడలేం. అవే 200 గంటలు నేను ఆసుపత్రిలో అదనపు షిఫ్టులు చేస్తే గంటకు 40 డాలర్ల చొప్పున 8,000, పన్ను పోను 5,500 దాకా చేతికొస్తాయి. మిగిలిందనుకున్న 7,000లో పెద్ద భాగం మా కూలీయే. అద్దెకు తీసుకుంటే వేసవి సెలవుల్లో రోజుకు 200 పైనే, కానీ చలికాలంలో సగానికి పడిపోతుంది. ఏడాదికి రెండు వారాలు తిరిగేవాళ్ళకు అద్దే నయం, ఇందులో సందేహం లేదు. హయేస్‌కు మళ్ళీ అమ్మినా మంచి ధర వస్తుందన్నదొక్కటే ఆయన వైపు నిలిచే మాట.

అయినా నేను వద్దనలేదు. డబ్బు మిగులుతుందని చెప్పి చేస్తే వద్దు, చేతిపని సరదా అని చేస్తే సరే అన్నాను. కాస్త గింజుకుని ఒప్పుకున్నారు. ఇప్పటికి మా ఒప్పందం ఇది: మొదట మంచం, ఇన్సులేషన్, ఫ్యాను, హీటరు, బ్యాటరీ మాత్రమే. ఇంజిను నుంచే నింపుకుంటాం, సోలార్ వద్దు, ఫ్రిజ్ బదులు ఐసుపెట్టె. 4,000లో అవుతుంది. ప్రకృతి సంరక్షణ శాఖ వాళ్ళ క్యాంపు స్థలాల్లో చాలావాటిలో టాయిలెట్ ఉంటుంది, ఆకుపచ్చ కార్డు అడగని అలాంటి చోట్లే ఆగుతాం. ఒక చలికాలం అలా పడుకుని చూశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు టాయిలెట్ సంగతి. ఇన్సూరెన్స్ వాళ్ళకు మాత్రం లోపల మార్పులు చేస్తున్నట్టు ముందే చెప్పాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు మొండిచెయ్యి చూపిస్తారు.

ఇప్పుడు మీరు చెప్పాల్సినవి. మంచం ఫ్రేముకు పైన్ చెక్క మంచిదా, అల్యూమినియం చానెల్ మంచిదా? మడిచిన సీటు మీదుగా విప్పే పలకకు కాళ్ళు ఎక్కడ పెట్టాలి? నేలకు కొత్తగా రంధ్రాలు వేయకుండా, సరుకు కట్టడానికి ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన కొక్కేల బోల్టులకే ఫ్రేము బిగిస్తే కుదుపుకు ఆగుతుందా? బండి వంపులో మెలి తిరిగినప్పుడు చెక్క కిర్రుమనకుండా మీరు లారీ బాడీల్లో మధ్యలో రబ్బరు వేసేవారు, ఇక్కడా అదే చేయమంటారా?

నోటితో చెప్పకుండా కొలతలతో కాగితం మీద గీసి వాట్సాప్‌లో ఫొటో పంపండి. ఆయనకు కాదు, ముందు నాకు పంపండి.

అత్తయ్యకు, పిల్లలకు మా ఇద్దరి ముద్దులు, నమస్కారాలు.

మీ మేనకోడలు