పాతకాలపు లావు అక్షరాల బోర్డులు: ఏం చేస్తాం, ఏం చేయం

మా విజయవాడ గాంధీనగర్ షాపుకి బోర్డుల కోసం, శుభలేఖల కోసం వచ్చే అందరికీ నమస్కారం. ఈమధ్య చాలామంది ఫోన్లో ఏదో కేఫ్ ఫొటో చూపించి "ఇలాంటి పాతకాలం లెటర్స్ కావాలండి" అంటున్నారు. లావుగా ఉండి, కొసల్లో చిన్న పాదాల్లాంటివి ఉండే ఇంగ్లిష్ అక్షరాలు. అలా పాదాలున్నవాటిని సెరిఫ్ ఫాంట్లు అంటారు. మీరు అడుగుతున్నారనే అలాంటి ఫాంట్ ఒకటి లైసెన్స్‌తో కొన్నాం. ఆర్డర్ ఇచ్చే ముందు కొన్ని సంగతులు తెలిస్తే మీకే మంచిది.

ఈ లావు అక్షరాల్లో ప్రధానంగా రెండు రకాలు చూస్తుంటాం. ఒకటి 1922లో అమెరికాలో వచ్చిన కూపర్ బ్లాక్ లాంటిది. అంచులు గుండ్రంగా ఉంటాయి, గీతలన్నీ దాదాపు ఒకే మందం. రెండోది 1800ల మొదట్లో లండన్ పోస్టర్ల కోసం పుట్టిన రకం. లావు గీత బాగా లావు, సన్న గీత వెంట్రుకంత. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఈ కోవదే. శుభలేఖ మీద, స్వీట్ల డబ్బా మీద ఈ రెండోది ఎంత అందంగా ఉంటుందో! బోర్డుకి మాత్రం వద్దంటాం. వినైల్ (స్టిక్కర్ షీటు)లో కోస్తే ఆ సన్న గీత మన మే నెల ఎండకి లేచిపోతుంది. ఎల్ఈడీ అక్షరాలైతే అంత సన్నటి చోట లైటు పట్టదు, రాత్రిపూట అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మేం కొన్నది మొదటి రకం.

అదైనా షాపు పేరుకే వాడతాం. అడ్రసు, ఫోన్ నంబరు కూడా అందులోనే వేయమంటే ఒప్పుకోం. ఇంత లావులో 3, 8 దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలనేది మా పనిలో పాత లెక్క. బీసెంట్ రోడ్డులో జనం నడుస్తూ చదువుతారు కాబట్టి కాస్త తగ్గినా నడుస్తుంది. బందర్ రోడ్డు మీద బండి నడుపుతూ చదవాలి, అక్కడ తగ్గకూడదు.

అసలు కష్టం తెలుగు దగ్గర. మన అక్షరాలకు ఆ పాదాలు లేవు. ఇంగ్లిష్‌తో జత కుదరాలని వాటికి పాదాలు అతికించమని కొందరు అడుగుతున్నారు, అది మేం చేయం, చూడటానికి బాగోదు. గుండ్రదనం, మందం కలిపితే చాలు, రెండూ ఒకే షాపు అక్షరాల్లా ఉంటాయి. హెడ్డింగుల కోసమే చేసిన రామభద్ర ఫాంట్‌తో మొదలుపెట్టి, ఒక్కో అక్షరం చేత్తో సరిచేస్తాం. లావు పెంచేకొద్దీ థ లోపలి చుక్క పూడిపోతుంది, ధ కింది గీత కలిసిపోయి ద అయిపోతుంది. 'లక్ష్మి' అనే పేరునే తీసుకోండి, క కింద ష ఒత్తు, మ ఒత్తు రెండూ పట్టాలి. రెండడుగుల ఎత్తు బోర్డులో ఇంగ్లిష్ పేరు నిండుగా కూర్చుంటుంది, తెలుగు పేరు ఒత్తులకి చోటు వదిలి కాస్త చిన్నదవుతుంది. అలాంటప్పుడు బోర్డు ఎత్తు పెంచమని అడుగుతాం, దయచేసి విసుక్కోకండి. మీ పేరు తెలుగులో సరిగ్గా కనబడటం మాకు చాలా ముఖ్యం.

ఈ పనికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, డిజైన్ చార్జి 500 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే. ఫాంట్ ఫైల్ మాత్రం ఎవరికీ ఇవ్వలేం, లైసెన్స్ మా కంప్యూటర్లకే. మీ డిజైన్‌ని అక్షరాలు గీతలుగా మార్చిన పీడీఎఫ్‌లో ఇస్తాం, దాన్ని ఫాంట్ లేకపోయినా ఎక్కడైనా ప్రింట్ చేయించుకోవచ్చు.

వచ్చేటప్పుడు బోర్డు పెట్టే చోటు కొలతలు, రోడ్డు అవతలి వైపు నుంచి తీసిన షాపు ఫొటో తీసుకురండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి ఉంటే ఇంకా మంచిది.