సెంటు ఇంటికి ప్లాను అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశాల బుల్లి ఇళ్ల గురించి రాశారు. చక్రాల మీద ఇల్లు, దానికో సోలార్ పలక, వాననీటి తొట్టి. నాకూ నచ్చింది. మరి ప్రభుత్వం ఇచ్చిన సెంటు స్థలంలో కాపురం చేస్తున్న మా గురించి ఎవరు రాస్తారు?

సెంటంటే 48 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. చిన్నదని నా బాధ కాదు, నలుగురం సర్దుకుంటున్నాం. పెద్ద ఇంట్లో ఒక గది ఉడికిపోతుంటే ఇంకో గదిలోకి పోవచ్చు. మాకు ఆ వీలు లేదు కాబట్టే ప్లాను ఇంకా జాగ్రత్తగా గీయాలి. మా కాలనీలో తూర్పు ముఖానికీ పడమటి ముఖానికీ ఒకటే ప్లాను! మాది పడమర. మే నెలలో రాత్రి 11 దాటినా స్లాబు సెగకి ఉండలేక మా అత్తగారు వీధిలో మంచం వేసుకుంటారు. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉంటే గాలి ఆడేది కదా.

మా వైపు ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. లెక్కేస్తే మా డాబా మీద పడేదే 30 వేల లీటర్లు. అదంతా వీధిలో బురదవుతుంది, వేసవి వచ్చేసరికి ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడతాం. పునాదులప్పుడే ఒక తొట్టి కట్టమంటే ఎస్టిమేట్‌లో లేదన్నారు. 2024లో వచ్చిన సూర్యఘర్ సోలార్ పథకంలో కిలోవాట్‌కి 30 వేలు సబ్సిడీ ఉందని సంబరపడితే, డాబాకి దక్షిణాన పెట్టిన నీళ్ల ట్యాంకు నీడ సరిగ్గా పలక పెట్టే చోటే పడుతోంది.

మా తాతల చుట్టిళ్లు ఎవరు గీశారు? మట్టిగోడ, తాటాకు కప్పు, లోపల చల్లదనం, తుఫాను గాలి తగిలినా పక్కల నుంచి జారిపోయేలా గుండ్రటి కట్టుబడి. తిరువనంతపురంలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించారు. ఇటుక దాదాపు పావు వంతు ఆదా, ఆ ఖాళీ వల్ల ఎండ వేడి లోపలికి తక్కువ వస్తుంది. ఇవన్నీ మన ఇంజినీర్లకి తెలియనివా? ప్రభుత్వం మారినప్పుడల్లా కాలనీ పేరు మారుతుంది, గోడల రంగు మారుతుంది. కిటికీ మాత్రం కదలదు.

ఇప్పుడు పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంటున్నారు. సంతోషం. ఆ పట్టాలు పంచే లోపే ముఖానికో ప్లాను గీయించి, వాననీటి తొట్టికి, సోలార్‌కి చోటు అందులోనే చూపించమనండి. స్లాబు పోశాక ఎవరొచ్చి చూసినా మాకు ఒరిగేదేమీ లేదు.

– ఒక గృహిణి, విజయనగరం