కాలయంత్రం ఓరుగల్లులోనూ ఆగాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల్లో మా మనవరాలిని తీసుకుని హనుమకొండ నుంచి రామప్పకు బస్సులో పోయాను. ఐదో తరగతి పిల్ల. ములుగు దాటినా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. వింటున్నది పాటలు కావు, ఇంగ్లీషు ఆడియో కథ. ఇద్దరు పిల్లలు ఒక యంత్రమెక్కి వెనకటి కాలంలోకి పోతారు. ఈజిప్టులో దిగుతారు, రోములో దిగుతారు, తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. ఒక ఇయర్‌ఫోన్ నాకూ ఇచ్చింది. ఎంత బాగుందంటే, పాలంపేట వచ్చిందని కండక్టర్ చెప్పేదాకా మాకు తెలియలేదు. గుడి ముందు నిలబడి అడిగింది: “అమ్మమ్మా, ఆ పిల్లలు ఇక్కడికి ఎందుకు రారు?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఇద్దరం తెలుగులో వెతికాం. నీతి కథలు, దయ్యాల కథలు బోలెడు దొరికాయి. పిల్లల కోసం సైన్సును పట్టుకుని అల్లిన కాలప్రయాణం కథ, అదీ వినడానికి, ఒక్కటీ దొరకలేదు. కాలయంత్రమంటే మా వయసు వాళ్ళకు 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమా గుర్తొస్తుంది. అందులో యంత్రం విజయనగర కాలానికి పోయింది. ఓరుగల్లుకు వచ్చినట్టు నేను వినలేదు.

ఈ ఊహ మనకు కొత్తదేమీ కాదు. బమ్మెర పోతన భాగవతం నవమ స్కంధంలో రైవతుడి కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ గానం జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లోనే భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. తను మనసులో అనుకున్న వరులే కాదు, వాళ్ళ మనవలు, మునిమనవలు కూడా మిగలరు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది సిలబస్‌లో లేకపోయినా, పిల్లలకు ఈ కథతోనే మొదలుపెట్టేదాన్ని. వెనక బెంచీ వాళ్ళు కూడా కుదురుగా వినేవాళ్ళు. పోతన సైన్సు చెప్పాడని నేననను. అది కథ, ఇది గడియారాలతో కొలిచి తేల్చిన సంగతి. ఆ తేడా కూడా పిల్లలకు తెలియాలి.

మన ఫోన్లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు) వెనకబడతాయి. అంత ఎత్తులో భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మొత్తం మీద రోజుకు 38 ముందుంటాయి. వాటిని సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే లెక్క పది కిలోమీటర్ల దాకా తప్పుతుంది, అంటే హనుమకొండ చౌరస్తాలో ఉన్న మనిషిని కాజీపేట అవతల చూపించవచ్చు. ఈ మాట కథలో ఒక పాత్ర నోట వింటే పిల్లలు మరచిపోరు. వెనకటి కాలంలోకి పోవడం మాత్రం ఇప్పటిదాకా ఊహేనని కూడా ఆ పాత్రే చెప్పాలి.

ఇక దిగడానికి మన దగ్గర చోట్లకు కొదవా? రామప్ప శాసనం 1213 నాటిది. దానికి కొంచెం ముందు దిగితే గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టిస్తూ కనిపిస్తాడు. పునాది గుంతలో ఇసుక నింపుతున్న కూలీని “ఇసుక మీద గుడి నిలుస్తుందా?” అని ఒక పిల్ల అడుగుతుంది. శిఖరానికి పోయే ఇటుకను నీళ్ళలో వేసి, తేలుతుంటే ఇంకో పిల్లవాడు కేక పెడతాడు. ఉలి దెబ్బలు, పేరిణి నాట్యపు మద్దెల, ఓరుగల్లు కోటలో ఏనుగుల ఘీంకారం చెవులతోనే చూడొచ్చు. ఆనాటి తెలుగు మన పిల్లలకు సగం అర్థం కాదు. కథలో అదొక చిక్కు, నాకైతే అందులోనే ఎక్కువ ఆసక్తి.

పుస్తకం ఉంటే చాలదా అంటారేమో. మనది విని పెరిగిన నేల. చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబుతుంటే తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నవాళ్ళం. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్ళలో బీడీలు చుట్టే తల్లుల చేతులు ఖాళీగా ఉండవు, చెవులు ఖాళీగానే ఉంటాయి. పక్కన కూర్చున్న పిల్లలతో కలిసి వాళ్ళూ వింటారు. నా క్లాసులో చూపు లేని పిల్లవాడొకడు ఉండేవాడు. పాఠం ఒక్కసారి వింటే చాలు, మాట పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. అలాంటి పిల్లల కోసం పుస్తకాలను ఆడియోగా మార్చడానికి 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం వీలు కల్పిస్తోంది. మార్చడానికి అసలు పుస్తకమే లేకపోతే చట్టం ఏం చేస్తుంది?

1904లో, నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టిన పెద్దలున్న ఊరు మనది. ఈ రోజు మనం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. అందులో కొంత ఇలాంటి కథ రాయించడానికి ఖర్చు పెట్టాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. ఆకాశవాణి వరంగల్ కేంద్రం వారానికి ఒక అరగంట ఇస్తే ఫోన్ లేని ఇంటికీ చేరుతుంది. సైన్సు సరిచూడడానికి నిట్, చరిత్ర సరిచూడడానికి కాకతీయ యూనివర్సిటీ ఊళ్ళోనే ఉన్నాయి. దయచేసి కంప్యూటర్ గొంతుతో చదివించవద్దు. మన పిల్లలతోనే, మన యాసలోనే మాట్లాడించండి. మా మనవరాలు “గిట్ల”, “గట్ల” అనే మాటలు ఆడియో కథలో ఎన్నడూ వినలేదు.

సైన్సు భాగం చదివి తప్పులు దిద్దే పని నాకిస్తే పైసా తీసుకోకుండా చేస్తాను. వేసవి సెలవులకు ఇంకా టైముంది. అప్పటికి మొదటి భాగం వచ్చినా చాలు, ఈసారి రామప్పకు పోయేటప్పుడు బస్సులో అదే వింటాం.

- ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ