రంపం అమ్మేవారే వాడకమూ నేర్పాలి

సంపాదకులకు,

తుఫాను వెళ్లిన మర్నాడు కూలిన చెట్ల లెక్క, ఒరిగిన స్తంభాల లెక్క పత్రికల్లో వస్తాయి. ఆ చెట్లను కోసి దారి చేసినవారిలో ఎందరికి కాళ్లు తెగాయో, ఎందరికి వేళ్లు పోయాయో నేనెక్కడా చదవలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. గొడ్డళ్లతో తేలే పని కాదది. ఆ తర్వాత మా వైపు చెయిన్ సాల, అంటే పెట్రోలుతో నడిచే గొలుసు రంపాల, వాడకం బాగా పెరిగింది. ఇప్పుడవి మందు కొట్టే స్ప్రేయర్ల పక్కనే అమ్మకానికి ఉంటున్నాయి. దుకాణదారు పెట్రోలులో ఎంత ఆయిల్ కలపాలో మాత్రం శ్రద్ధగా చెబుతాడు. అది యంత్రం పాడవకుండా చెప్పే జాగ్రత్త. మనిషి పాడవకుండా చెప్పేది ఏమీ ఉండదు.

ఈ రంపం గొలుసు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. గొలుసు తిరిగే పొడవాటి ఇనుప పట్టీని బార్ అంటారు. దాని కొసలోని పైభాగం మొద్దుకో, కనిపించని పక్క కొమ్మకో తగిలిందంటే రంపం ఒక్కసారిగా పైకి లేచి, కోస్తున్నవాడి ముఖం మీదికో మెడ మీదికో వస్తుంది. రెప్పపాటులో అయిపోతుంది. చేతి బలంతో ఆపుకోగలనని ఎంతటి వస్తాదూ అనుకోకూడదు. అందుకే ముందు పిడికి ఎదురుగా ఒక ప్లాస్టిక్ రెక్క అమర్చారు. రంపం ఎగిరినప్పుడు మణికట్టు దానికి తగిలి బ్రేకు పడుతుంది. ఆ రెక్క విరిగినా పట్టించుకోనివి, చేతికి అడ్డంగా ఉందని విప్పేసినవి మా చుట్టుపక్కల కళ్లారా చూస్తున్నాను. ఎడమచేతి బొటనవేలు పిడిని కిందినుంచి చుట్టి ఉండాలి, భుజం ఎత్తు దాటి కోయకూడదు, నిచ్చెనెక్కి అసలే కోయకూడదు. ఇవి చెప్పడానికి ఒక పూట చాలు. చెప్పేవారే లేరు.

తుఫానుకు పడిన చెట్టుతో చిక్కు వేరు. నిలబడ్డ చెట్టును ఏళ్ల తరబడి కొట్టినవాడు కూడా దాని దగ్గర పొరబడవచ్చు. రెండు కొసలూ నేలకు ఆని మధ్యలో వేలాడుతున్న మాను పైవైపు నొక్కుకుని, కిందివైపు సాగి ఉంటుంది. పైనుంచి కోసుకుంటూ పోతే బార్ ఇరుక్కుపోతుంది. పైన కొంత గాటు పెట్టి, మిగతాది కిందినుంచి కోయాలి. ఒక కొస గాలిలో ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. బరువు కింద వంగి అదిమిపెట్టి ఉన్న జీడికొమ్మ ఎక్కుపెట్టిన విల్లే. ఎటు విదిలించుకుంటుందో చూసుకోకుండా కోస్తే మోకాలి చిప్ప మిగలదు. వేళ్లతో సహా పెకలిపోయిన పనస చెట్టు ఇంకా మోసకారి. మానును కోసి బరువు తప్పించగానే, మట్టి పట్టుకుని ఉన్న వేళ్ల గడ్డ తన గోతిలోకి తిరిగి దబ్బున పడవచ్చు. చోద్యం చూసే పిల్లలు సరిగ్గా ఆ గోతిలోనే చేరతారు! ఇక చెట్టులో తీగ చిక్కుకుంటే, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపామని చెప్పేదాకా రంపం ఆడించకూడదు. ఊరంతా చీకటిగా ఉందన్న ధీమా వద్దు, ఎవరింట్లోనో నడుస్తున్న జనరేటరు నుంచి కరెంటు తీగలోకి ఎదురు రావచ్చు.

ఈ పనికోసమే తయారైన ప్యాంట్లున్నాయి. గొలుసు తగలగానే లోపలి పొడవాటి పీచు బయటికి వచ్చి, గొలుసును తిప్పే చక్రాన్ని చుట్టేసి ఆపుతుంది. మన దగ్గర లుంగీ ఎగగట్టి, హవాయి చెప్పులతో కోస్తారు. కూలీని నేను తప్పుపట్టను. రోజు కూలికి వచ్చినవాడు అంత డబ్బు ఎక్కడ తెస్తాడు? రంపం కొన్నవాడే అదీ కొనాలి. 100 డెసిబెల్స్ దాటే మోత నుంచి చెవులకు కాపు కూడా అతనే ఇవ్వాలి.

ఇదంతా కోరడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. వ్యవసాయ పనుల్లో వాడే ప్రమాదకర యంత్రాల నియంత్రణకు పార్లమెంటు 1983లోనే చట్టం చేసింది. నూర్పిడి యంత్రాన్ని అందులో పేరుపెట్టి చేర్చారు. అలాంటి ఇతర యంత్రాలను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారం కేంద్రానికి ఉంది. గాయపడిన కూలీకి పరిహారం ఇవ్వడమూ ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. చెయిన్ సాను అందులో చేర్చమని మన రాష్ట్రమే ముందుగా అడగాలి.

లైసెన్సు పేరుతో రైతును ఆఫీసుల చుట్టూ తిప్పమని నా కోరిక కాదు. ఆ దారిలో లంచం ఒక్కటే పెరుగుతుంది. బాధ్యత అమ్మేవాడి మీద పెట్టండి. తెలుగులో అచ్చేసిన సూచనలు ఇవ్వకుండా, కొన్నవాడి చేత ఒక మొద్దు కోయించి చూపకుండా రంపం దుకాణం దాటకూడదు. అక్టోబరు తుఫానుల కంటే ముందే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమో, అటవీ శాఖో మండలానికొక శిక్షణ పెట్టవచ్చు. తుఫాను పనికి రంపాలను అద్దెకు తెచ్చే పంచాయతీలు పెట్రోలు ఖర్చు రాసే బిల్లులోనే ఆ ప్యాంటుకు, హెల్మెట్‌కు, బూట్లకు కూడా పద్దు రాయాలి.

– ఒక జీడి రైతు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా